ముందు అన్నం, తర్వాత ఆకాశం అంటున్న అన్నలకు మా జవాబు



పోస్టు పెద్దదే. హాస్టల్లో నలుగురం కూర్చుని రెండు రాత్రులు రాశాం. చివరిదాకా చదవండి. తిట్టాలనిపిస్తే చదివాక తిట్టండి.

మొన్న ఇస్రో వాళ్ల యువికా ప్రోగ్రాం గురించి ఇక్కడే ఒక చిన్న మెసేజ్ పెట్టాం. మీ ఊళ్లో, మీ పాత బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు ఉంటే పేర్లు చెప్పండి, ఫారం మేమే నింపుతాం అన్నాం. దానికి పదకొండు లైకులు, మూడు దండాలు వచ్చాయి. ఒక్క పిల్ల పేరు కూడా రాలేదు. కింద ఒక అన్న ఇలా రాశారు: "తమ్ముళ్లూ, మన ఆశ్రమ పాఠశాలల్లో సరైన కూర లేదు, లెక్కల సారు లేడు, మీకు రాకెట్లు కావలసి వచ్చాయా? ముందు అన్నం, తర్వాత ఆకాశం." ఆ మాటకి నలభై లైకులు.

అన్నా, మీ మీద మాకు కోపం లేదు. మీరు చెప్పిన దాంట్లో మొదటి సగం నిజం. ఆ కూర మేమూ తిన్నాం. లెక్కల సారు లేక తొమ్మిదో తరగతి అంతా సోషల్ సారుతో లెక్కలు చెప్పించుకున్నాం. ఆ సారు పాపం రాత్రి గైడు చదువుకుని పొద్దున్న మాకు చెప్పేవారు. కానీ మీరు చెప్పిన రెండో సగం ఉంది చూశారా, "తర్వాత ఆకాశం", ఆ "తర్వాత" ఎప్పుడొస్తుంది? మా తాతలకి ముందు రోడ్డు, తర్వాత బడి అన్నారు. మా అమ్మానాన్నలకి ముందు కూలి, తర్వాత చదువు అన్నారు. ఆ "తర్వాత" రాకుండానే వాళ్ల వయసు అయిపోయింది. మా నలుగురిలో ముగ్గురి అమ్మలు ఇప్పటికీ హాస్టల్ కాగితాల మీద వేలిముద్రే వేస్తారు. మా ఇళ్లల్లో కాలేజీ గుమ్మం తొక్కింది మేమే మొదలు. అందుకే ఆ మాట వింటే మాకు భయం.

ముందు ఒక సంగతి గుర్తు చేస్తాం. శ్రీహరికోట ఎవరిది?

పులికాట్ సరస్సుకి, బంగాళాఖాతానికి మధ్య ఉన్న దీవి అది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. 1969లో రాకెట్ కేంద్రం కోసం ఆ చోటు ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడి నుంచి మొదటి రోహిణి రాకెట్ లేచింది. అంతకు ముందు ఆ అడవిలో చేపలు పట్టుకుని, దుంపలు తవ్వుకుని, మందు మొక్కలు తెచ్చుకుని బతికిన వాళ్లు యానాదులు. మన లాంటి గిరిజనులే. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్ల ఊళ్లు కదిలాయి, అడవి బతుకు మారిపోయింది. 2023 జులై 14న చంద్రయాన్-3 లేచింది కూడా ఆ నేల మీది నుంచే. ఆగస్టు 23న అది చంద్రుడి మీద దిగిన రోజు మా హాస్టల్ టీవీ ముందు మేమూ చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్ల మధ్యలో మాలో ఒకడు అడిగాడు: "ఆ దీవిలో పుట్టిన యానాది పిల్లల్లో ఎంతమంది ఆ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఉంటారురా?" ఎవరం జవాబు చెప్పలేకపోయాం.

కాబట్టి అన్నా, ఆకాశం మనకి కొత్తగా అడుగుతున్న విలాసం ఏం కాదు. దానికి నేల ఇచ్చిన వాళ్లలో మన వాళ్లు ఉన్నారు. వాటా అడుగుతున్నాం.

రెండో సంగతి. ఆకాశానికీ అన్నానికీ సంబంధం లేదనుకోవడం పొరపాటు. మన పోడు భూమి సంగతే చూడండి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పట్టా కావాలంటే 2005 డిసెంబర్ 13 నాటికే ఆ భూమి మన సాగులో ఉండాలి. అది రుజువు చేయడానికి ఊళ్లో పెద్దల మాట ఉంది, పాత రసీదులు ఉన్నాయి, గ్రామసభ తీర్మానం ఉంది. వాటితోపాటు ఇప్పుడు శాటిలైట్ ఫొటో కూడా వచ్చి కూర్చుంది. 2012లో సవరించిన నిబంధనల్లో శాటిలైట్ చిత్రాలు మిగతా ఆధారాలకి తోడుగా మాత్రమే వాడాలని, వాటికి బదులుగా వాడకూడదని ఉంది. ఈ ముక్క మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు? "ఫొటోలో అడవే కనబడుతోంది, మీ పొలం ఎక్కడ?" అంటే మన తాత ఏం చెప్తాడు?

ఇంకో మాట. మన కాఫీ తోట పైనుంచి చూస్తే ఎలా ఉంటుంది? సిల్వర్ ఓక్ చెట్ల తలలే కనబడతాయి. కింద కాఫీ మొక్క ఉందని, దాని కింద మనిషి చెమట ఉందని పైనుంచి తెలియదు. రెండేళ్లు బీడు పెట్టిన పోడు పైనుంచి తుప్పల్లాగే ఉంటుంది. ఆ ఫొటో చదివేవాడికి కొండ తెలియాలి. నేల మీదికి వచ్చి సరిచూసుకోవడాన్ని ఆ చదువులో గ్రౌండ్ ట్రూత్ అంటారట. మన గుంటలకి పుట్టుకతో వచ్చే చదువు అది. గుజరాత్‌లో ఆదివాసీ ఊళ్లు శాటిలైట్ చిత్రాలు తామే సంపాదించుకుని తమ క్లెయిములకి జత చేసుకున్నాయి. అంటే ఆ ఫొటో మన మీదికి వచ్చే కత్తి కావచ్చు, మన చేతిలో ఆధారం కూడా కావచ్చు. చదవడం వచ్చినవాడి చేతిలో ఉంది. ఆ చదివేవాడు మన ఇంట్లోంచి రావద్దా? వాడు ఆకాశం నేర్చుకుంటేనే కదా ఇంట్లో అన్నం నిలిచేది!

ఇక యువికా సంగతికి వద్దాం. గ్రూప్‌లో చాలామందికి తెలియదు కాబట్టి వివరంగా రాస్తున్నాం.

2019లో ఇస్రో మొదలుపెట్టిన ప్రోగ్రాం ఇది. తొమ్మిదో తరగతి పిల్లలకి వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లోనే ఉంచి చెప్తారు. మొదటి ఏడాది ఒక్కో రాష్ట్రం నుంచి ముగ్గురినే తీసుకున్నారు, తర్వాత సీట్లు పెంచారు. శ్రీహరికోట, హైదరాబాద్, బెంగళూరు, తిరువనంతపురం, అహ్మదాబాద్, డెహ్రాడూన్, షిల్లాంగ్ కేంద్రాల్లో జరుగుతుంది. ప్రయాణం, తిండి, బస అంతా వాళ్లదే ఖర్చు. పిల్లల్ని దిగబెట్టడానికి వచ్చే ఒక పెద్ద మనిషి ప్రయాణం కూడా. ఒక్క రూపాయి మనం పెట్టక్కర్లేదు. గత కొన్నేళ్లుగా నోటిఫికేషన్ ఫిబ్రవరి, మార్చి నెలల్లో వస్తోంది.

ఎలా ఎంపిక చేస్తారు? వంద మార్కులు. ఎనిమిదో తరగతి మార్కులకి 50. ఆన్‌లైన్ క్విజ్‌కి 10. సైన్స్ ఫెయిర్‌లో పాల్గొంటే స్థాయిని బట్టి 2, 5, 10. ఒలింపియాడ్ లాంటి పోటీల్లో బహుమతికి 5 దాకా. ఆటల్లో గెలిస్తే 5 దాకా. స్కౌట్స్, ఎన్‌సీసీ లాంటి వాటిలో ఉంటే 5. పంచాయతీ పరిధిలోని పల్లెటూరి బడిలో చదివితే 15.

ఆ 15 చూసి మొదట మేమూ సంతోషించాం. తర్వాత కాగితం మీద లెక్క వేశాం. ఎనభై శాతం తెచ్చుకున్న మన ఆశ్రమ పాఠశాల పిల్లని తీసుకోండి. మార్కులకి 40, ఊరికి 15, క్విజ్‌లో ఒక 6. మొత్తం 61. టౌన్లో పెద్ద ప్రైవేటు బడి పిల్లాడికి తొంభై ఐదు శాతం. మార్కులకి 47.5, క్విజ్‌లో 9, రాష్ట్ర స్థాయి సైన్స్ ఫెయిర్ 10, ఒలింపియాడ్ 5, స్కౌట్స్ 5. మొత్తం 76.5. ఊరి మార్కు ఒక్కటి లేకుండానే వాడు పదిహేను మార్కుల ముందున్నాడు. కాగితాల కోసం పెట్టిన మార్కులు మొత్తం 25. ఊరి కోసం పెట్టినవి 15. ఇక తేడా ఎక్కడ పూడింది?

పైగా "పంచాయతీ పరిధి" అన్న మాట చూడండి. సిటీ చివర, పంచాయతీ భూమిలో కట్టిన ఏసీ బస్సుల బడి కూడా రాసిన మాట ప్రకారం పంచాయతీలోనే ఉంది. దానికీ 15, కొండ మీద కరెంటు పోతే మూడు రోజులు రాని బడికీ 15. ఆ వంద మార్కుల లెక్కలో ఎస్టీ అన్న మాట ఎక్కడా లేదు. ఆశ్రమ పాఠశాల అన్న మాట లేదు. మొదటి తరం చదువు అన్న మాట లేదు. పల్లెటూరు, గిరిజన గూడెం ఒకటి కాదని మనకి తెలుసు, ఆ లెక్కకి తెలియదు.

ఇప్పుడు మా అనుభవం చెప్తాం. పేర్లు, బడి పేరు రాయం. ఒక బడిని తిట్టడం మా ఉద్దేశం కాదు, చాలా బళ్లలో ఇదే కథ.

పోయినేడు నోటిఫికేషన్ పడ్డాక శని, ఆదివారాలు చూసుకుని మాలో ముగ్గురం మేము చదివిన ఏజెన్సీ బడికి వెళ్లాం. వైజాగ్ నుంచి పాడేరు బస్సు, అక్కడి నుంచి ఆటో, చివర మూడు కిలోమీటర్లు నడక. తొమ్మిదో తరగతిలో ఎవరికి ఇష్టం అని అడిగితే మొదట ఎవరూ చెయ్యి ఎత్తలేదు. కాసేపయ్యాక తొమ్మిది మంది ఎత్తారు. అందులో ఆరుగురు ఆడపిల్లలు.

ఫారంకి మెయిల్ ఐడీ కావాలి. ఒక్కరికీ లేదు. చేద్దామంటే ఫోన్ నెంబరు కావాలి. ఇళ్లల్లో ఉన్న ఫోన్లలో సగానికి రీచార్జ్ లేదు. మా నెంబర్ల మీదే చేస్తుంటే నాలుగైదు అయ్యాక ఈ నెంబరు చాలాసార్లు వాడారు, ఇక కుదరదు అంది. సిగ్నల్ నీళ్ల ట్యాంకు దగ్గరే వస్తుంది. తొమ్మిది మంది పిల్లలూ, ముగ్గురం మేమూ ట్యాంకు కింద లైన్లో నిలబడ్డాం. ఆధార్‌లో ఒక పేరు, బడి రికార్డులో ఒక పేరు ఉన్నవాళ్లు ముగ్గురు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. సాయంత్రానికి నలుగురివే పూర్తయ్యాయి.

ఆ నలుగురిలో ఒక చెల్లి పరుగు పందెంలో జిల్లా దాకా వెళ్లి గెలిచింది. ఆటలకి మార్కులున్నాయి కదా, సర్టిఫికెట్ తే అన్నాం. "పీఈటీ సారు దగ్గర ఉంది అన్నా" అంది. పీఈటీ సారు బదిలీ అయి ఏడాది అయ్యింది. బీరువా తాళం ఆయనతోనే పోయిందో, ఇంకెవరి దగ్గర ఉందో ఎవరికీ తెలియదు. ఆ పిల్ల పరుగెత్తింది, గెలిచింది, మెడలో పతకం వేసుకుని ఫొటో దిగింది. కానీ కాగితం లేదు కాబట్టి ఆ పరుగు జరగనట్టే లెక్క.

ఆఫీసు గదిలో ఫైళ్లు చూస్తుంటే అంతకు ముందు ఏడాది వచ్చిన యువికా సర్క్యులర్ కూడా దొరికింది. నోటీసు బోర్డుకి ఎక్కకుండా ఫైల్లోనే పడుకుని ఉంది. అడిగితే ఒక సారు అన్నారు: "ఇవన్నీ కార్పొరేట్ పిల్లలకి బాబూ. మన వాళ్లకి పదో తరగతి పాసైతే చాలు." ఆయన చెడ్డ మనిషి కాదు. మాకు సొంత డబ్బుతో పెన్నులు కొనిచ్చిన సారే. కానీ ఆ మాట తొమ్మిది మంది పిల్లల ముందే అన్నారు.

మేము తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడు యువికా అన్న మాటే వినలేదు. కరోనా వల్ల ఆ ఏడు అది జరగలేదు కూడా, అది వేరే సంగతి. జరిగినా మాకు తెలిసేది కాదు, మా సర్క్యులర్ కూడా ఏ ఫైల్లోనో పడుకునేది. బీటెక్ రెండో ఏడాదిలో మా క్లాస్‌మేట్ ఒకడు "నేను తొమ్మిదిలో దానికి అప్లై చేశాను" అంటే అప్పుడు తెలిసింది. వాడికి సెలెక్షన్ రాలేదు. కానీ వాడికి తెలుసు. రాకపోవడం వేరు, తెలియకపోవడం వేరు.

నలుగురిలో ఎవరూ సెలెక్ట్ కాలేదు. ఆ లెక్కతో అవ్వరని మాకు ముందే అర్థమైంది.

మరి ఎందుకు వెళ్లాం అంటారా? ఆ ఆదివారం జరిగింది చెప్తాం, వినండి.

ఫారాలు అయ్యాక పిల్లలు ఇంకా కూర్చునే ఉన్నారు. ఒక కూల్‌డ్రింక్ బాటిల్, దాని మూతికి సరిపోయే బిరడా, సైకిల్ పంపు, పంపు సూది పట్టుకెళ్లాం. నీళ్లు పోసి, తలకిందులుగా పెట్టి, గాలి కొడితే బాటిల్ రాకెట్ లేస్తుంది కదా, అది. మొదటిది వంటగది రేకుల కంటే పైకి లేచింది. అన్నం వండే అమ్మలు కూడా బయటికి వచ్చేశారు. పరుగు పందెం గెలిచిన ఆ చెల్లే అడిగింది: "అన్నా, కొంచెం నీళ్లకే ఇంత లేస్తే, నిండా పోస్తే ఇంకా పైకి పోవాలి కదా?"

మేము జవాబు చెప్పలేదు. నువ్వే చూడు అన్నాం. నిండా పోసింది. పంపు కొడితే గాలి పట్టే చోటే లేదు, బిరడా ఊడి నీళ్లు ఆమె మీదే పడ్డాయి. అందరూ నవ్వారు. తర్వాత నీళ్లు లేకుండా చేసింది. టప్ మని శబ్దం వచ్చి మనిషి ఎత్తు లేచి పడిపోయింది. తర్వాత సగం. తర్వాత మూడో వంతు. ప్రతిసారీ ఏ కొబ్బరి చెట్టు మట్ట దాకా వచ్చిందో గుర్తు పెట్టుకుంది. చివర వచ్చి చెప్పింది: "నీళ్లు తొయ్యడానికి కావాలి. గాలి నీళ్లని తొయ్యడానికి కావాలి. రెండిటికీ చోటు ఉండాలి."

ఆ ముక్క మాకు ఇంజనీరింగ్ మొదటి ఏడాదిలో బోర్డు మీద రాసి చెప్పారు. ఆ పిల్ల సైకిల్ పంపుతో అరగంటలో కనిపెట్టింది. ఒక్కోసారి ఒక్కటే మార్చింది, కొలిచింది, పోల్చింది. ఇంజనీరు చేసే పని ఇంతకంటే ఏముంది? ఆమెకి ఎనిమిదో తరగతిలో సైన్స్‌కి వచ్చింది 61. ఆ 61 ఎవరి మార్కో మీరే చెప్పండి. ఏడాదంతా సైన్స్ టీచరు లేని బడి మార్కా, ఆ పిల్ల మార్కా?

సాయంత్రం ఇస్రో వాళ్ల భువన్ వెబ్‌సైట్ ఫోన్లో తెరిచి వాళ్ల ఊరు పైనుంచి చూపించాం. ట్యాంకు దగ్గర సిగ్నల్‌తో బొమ్మ రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక ఒక్కొక్కడూ వేలు పెట్టి "ఇదే మా గెడ్డ", "ఇదే సంతకి పోయే దారి" అని అరుస్తున్నారు. మాకు కనబడని దారులు వాళ్లకి కనబడ్డాయి. ఆసక్తి లేదంటారే, ఆ సాయంత్రం వచ్చి చూడాల్సింది.

మన వాళ్లకి సాధ్యం కాదనే వాళ్లకి మలావత్ పూర్ణ పేరు తెలియదా? నిజామాబాద్ జిల్లా గిరిజన పిల్ల, గురుకులంలో చదువుకుంటూ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. ప్రతి మీటింగ్‌లో ఆమె పేరు చెప్పి "పట్టుదల ఉంటే చాలు" అంటారు. మేము ఒప్పుకోం. పట్టుదల మన ప్రతి ఇంట్లో ఉంది. పూర్ణ విషయంలో ఇంకొకటి కూడా జరిగింది. గురుకులాల్లో పిల్లల్ని వెతికారు. భువనగిరి గుట్ట మీద పరీక్షించారు. డార్జిలింగ్ పంపి నేర్పించారు. బూట్లు, బట్టలు, తిండి, గురువులు ఇచ్చారు. "ముందు హాస్టల్లో కూర బాగుచేద్దాం, తర్వాత ఎవరెస్ట్" అని ఎవరూ ఆగలేదు. వెతికారు కాబట్టి దొరికింది. సైన్స్‌లో మన పిల్లల్ని అలా ఎవరు వెతుకుతున్నారు?

తలుపులు లేవని మేము అనడం లేదు. తలుపులు చాలా ఉన్నాయి, తాళాలే మన దగ్గర లేవు. ఇన్‌స్పైర్ మానక్ అని ఒకటి ఉంది. ఆరో తరగతి నుంచే పిల్లలు తమ ఆలోచన పంపొచ్చు, ఎంపికైతే మోడల్ చేసుకోవడానికి 10,000 రూపాయలు పిల్లల ఖాతాలోనే పడతాయి. కానీ బడి నామినేట్ చెయ్యాలి. మన బళ్లలో ఎన్ని చేస్తున్నాయి? అటల్ టింకరింగ్ ల్యాబ్ అని 2016 నుంచి ఉంది, ఎంపికైన బడికి 20 లక్షల దాకా ఇస్తారు. మేము చూసిన ఒక బడిలో త్రీడీ ప్రింటర్ మీద దుప్పటి కప్పి ఉంది. పాడైపోతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వరట. వాడక పాడవడం కంటే వాడి పాడవడం మేలు కదా సారూ!

పదో తరగతి తర్వాత దారులు కూడా చెప్పేవాళ్లు లేరు. ట్రిపుల్ ఐటీలు ఉన్నాయి: నూజివీడు, ఇడుపులపాయ, శ్రీకాకుళం, ఒంగోలు, తెలంగాణలో బాసర. పదో తరగతి మార్కుల మీదే ఆరేళ్ల చదువు. పాలిసెట్ రాసి పాలిటెక్నిక్ చేస్తే, తర్వాత ఈసెట్‌తో బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లొచ్చు. ఐఐటీల్లో ఎస్టీ పిల్లలకి ట్యూషన్ ఫీజు లేదు. ర్యాంకు కొద్దిలో అందకపోతే ఏడాది ప్రిపరేటరీ కోర్సు కూడా ఉంది. తిరువనంతపురంలో ఇస్రో వాళ్లదే ఐఐఎస్‌టీ ఉంది, జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో తీసుకుంటారు. ఇస్రో అంటే సైంటిస్టులే అనుకోవద్దు. టెక్నీషియన్ పోస్టులకి పదో తరగతి, ఐటీఐ చాలు. టెక్నికల్ అసిస్టెంట్‌కి డిప్లొమా. రాకెట్‌కి బోల్టు బిగించే చెయ్యి కూడా రాకెట్‌ని పంపిన చెయ్యే. ఇవన్నీ మాకు పదో తరగతిలో ఎవరైనా చెప్పి ఉంటే మాలో ఇద్దరం ఏ గ్రూపో తెలియకుండా ఇంటర్‌లో చేరి ఒక ఏడాది పోగొట్టుకునే వాళ్లం కాదు.

మధ్యలో ఒక హెచ్చరిక. "మీ పిల్లల్ని నాసా టూర్ తీసుకెళ్తాం, సర్టిఫికెట్ ఇస్తాం, కొద్దిగా అడ్వాన్స్ కట్టండి" అనే మెసేజ్‌లు ఏజెన్సీ గ్రూపుల్లో కూడా తిరుగుతున్నాయి. యువికాకి డబ్బు కట్టక్కర్లేదు. దాని పేరు చెప్పి ఎవరు డబ్బు అడిగినా నమ్మొద్దు. జీడిపిక్కలు అమ్మిన డబ్బు అలా పోగొట్టుకోవద్దు.

ఇప్పుడు మేము అడిగేవి.

ఇస్రోని అడుగుతున్నాం. యువికాలో ఆశ్రమ పాఠశాలలు, గిరిజన గురుకులాలు, ఏకలవ్య పాఠశాలల పిల్లలకి విడిగా సీట్లు పెట్టండి. పంచాయతీ అన్న ఒక్క మాటలో మమ్మల్ని కలిపెయ్యొద్దు. మెయిల్ ఐడీ లేని పిల్లల ఫారాన్ని హెడ్మాస్టర్ ద్వారా కాగితం మీద తీసుకోండి. శ్రీహరికోట చుట్టూ ఉన్న యానాది కాలనీల పిల్లలకి ప్రతి ఏడాదీ కొన్ని సీట్లు ఉంచండి. అది దానం కాదు, బాకీ.

గిరిజన సంక్షేమ శాఖని అడుగుతున్నాం. ప్రతి ఉన్నత పాఠశాలకి లెక్కల టీచరు, సైన్స్ టీచరు ఉండాలి. ఇది మా అన్న అడిగిన మాటే, మేమూ అడుగుతున్నాం. వచ్చిన సర్క్యులర్ మరునాటికి నోటీసు బోర్డు మీద ఉండాలి. పిల్లల సర్టిఫికెట్లు పిల్లల దగ్గరే ఉండాలి, ఒక నకలు బళ్లో ఉండాలి. ల్యాబ్ తాళం ప్రతి శనివారం తీయాలి.

ఇక మనల్ని మనం అడుక్కుందాం. ఈ గ్రూప్‌లో మన బళ్లలో చదివి బయటికి వచ్చిన వాళ్లమే ఎక్కువ. ఫిబ్రవరిలో మేల్కొంటే ఏం లాభం లేదని పోయినేడు మాకు బాగా తెలిసొచ్చింది. సైన్స్ ఫెయిర్‌కి, స్కౌట్స్‌కి చూసేది గత మూడేళ్లు. అంటే పని ఏడో తరగతిలో మొదలవ్వాలి. బడి స్థాయి సైన్స్ ఫెయిర్‌కి కూడా 2 మార్కులు ఉన్నాయి. ఒక్క శనివారం, నాలుగు బల్లలు, హెడ్మాస్టర్ సంతకం చాలు. ఇన్‌స్పైర్‌కి నామినేషన్ వర్షాకాలంలోనే వెయ్యాలి. ఆటల్లో గెలిచిన రోజే సర్టిఫికెట్‌ని ఫోన్లో ఫొటో తీసి పెట్టాలి. ఆధార్ పేరు, బడి పేరు ఎనిమిదిలోనే సరిచెయ్యాలి. ఇవి చెయ్యడానికి ఎవరి జీవో అక్కర్లేదు. నెలకి ఒక ఆదివారం, బస్సు టికెట్టు డబ్బులు చాలు.

మేము చదివిన బడి మేము తీసుకున్నాం. మీరు చదివిన బడి మీరు తీసుకోండి. కింద కామెంట్‌లో బడి ఉన్న మండలం పేరు, అక్కడికి వెళ్లగలిగే మీ పేరు రాయండి. దండాల బొమ్మ పెట్టొద్దు, దయచేసి.

"ముందు అన్నం" అని రాసిన అన్నా, మీకు ప్రత్యేకంగా ఒక మాట. మీరు అన్నం కోసం ధర్నా పెట్టండి, మేము వచ్చి మీ వెనక కూర్చుంటాం. చాలాసార్లు కూర్చున్నాం కూడా. కానీ ఆకలిగా ఉన్న పిల్లకి తల ఎత్తి చూసే హక్కు లేదని మాత్రం అనొద్దు. ఆ చెల్లి ఆ ఆదివారం మధ్యాహ్నం నీళ్ల సాంబారుతోనే తిన్నది. తిన్నాక వచ్చి బాటిల్లో నీళ్లు ఎంత పొయ్యాలో కనిపెట్టింది. రెండూ ఒక్క రోజే జరిగాయి. ఒకటి అయ్యాక ఇంకొకటి అని ఆమె ఆగలేదు.

ఆమె ఇప్పుడు పదో తరగతి. యువికా వయసు దాటిపోయింది. ట్రిపుల్ ఐటీ ఫారం నింపడానికి రిజల్ట్స్ వచ్చిన రోజు మళ్లీ వెళ్తాం. మెయిల్ ఐడీ ఉంది, పేరు సరిచేయించాం. పీఈటీ సారు కొత్త బడి ఎక్కడో కనుక్కున్నాం, సర్టిఫికెట్ కోసం ఈ ఆదివారం అక్కడికి వెళ్తున్నాం. ఆయన బీరువాలో ఇంకా ఎంతమంది పిల్లల పరుగులు ఉన్నాయో చూసి వచ్చి రాస్తాం.

జోహార్.

— హాస్టల్ నుంచి మీ తమ్ముళ్లు